కాగితమంత చోటు

కూతురు సైన్యంలో చేరడానికి ఇల్లు వదిలి వెళ్ళిన పొద్దున వడ్రంగి మేస్త్రి ఆ పిల్లతో అన్న మాట ఒకే ఒక్కటి.

"వెలుతురుకి అడ్డం నిలబడకు."

ఇంటి ముందుగదే కొట్టు. లోపలివాళ్ళు ఎవరు వీధిలోకి వెళ్ళాలన్నా పనిబల్ల పక్కగా, చెక్కపేళ్ళు తొక్కుకుంటూ వెళ్ళాల్సిందే. ఆరున్నరకి పిల్ల భుజాన సంచీ తగిలించుకుని గుమ్మం దాకా వచ్చి ఆగింది. వెనకే తల్లి, చేతిలో ఇంకో సంచీతో. మేస్త్రి ఒక తలుపు రెక్కని బల్లకి బిగించి చిత్రిక పడుతున్నాడు. చిత్రిక ఈ చివర్నించి ఆ చివరికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. పిల్ల నోరు తెరిచింది. ఏం చెప్పేదో గానీ, ఈలోపే ఆయన అనేశాడు ఆ మాట.

పిల్ల పక్కకి జరిగింది.

"వెళ్ళొస్తాను నాన్నా."

చిత్రిక నోట్లో ఇరుక్కున్న పేడుని గోటితో పీకుతూ "ఊఁ" అన్నాడు మేస్త్రి. తలెత్తేసరికి గుమ్మం ఖాళీ. ఇప్పుడు కావలసినంత వెలుతురు. ఆ వెలుతుర్లో చూస్తే తెలిసింది, తలుపు రెక్కని ఉండాల్సిన దానికంటే రెండు నూళ్ళు, అంటే పావంగుళం, ఎక్కువ చెక్కేశాడని. ముప్పయ్యేళ్ళలో అలాంటి పొరపాటు ఆయన చేతిమీదుగా జరిగింది లేదు.

ఎనిమిదింటికి పాలిష్ పెద్దాయన వచ్చాడు. మేస్త్రి కంటే పదేళ్ళు పెద్ద. లక్క కలిపీ కలిపీ వేళ్ళన్నీ ఇటుకరంగు తిరిగిపోయాయి. మేస్త్రి నోరు ఎంత పొదుపో ఈయన నోరు అంత దుబారా.

"మేకు వెళ్ళిపోయిందా?" అన్నాడు వస్తూనే.

ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది ఈయనే. ఆరేళ్ళప్పుడు ఉలి చేతికిస్తేగానీ కదలనని బల్ల పక్కన పాతేసినట్టు నిలబడిందట. 'ఇది కొడితే దిగుతుంది గానీ వంగే రకం కాదు మేస్త్రీ' అన్నాడట పెద్దాయన. అప్పట్నించీ మేకే.

"వెళ్ళింది."

"ఏం చెప్పి పంపించావు?"

"చెప్పడానికేముంది?"

"కన్నవాడివి కదయ్యా. 'జాగ్రత్తమ్మా' అని అయినా..."

"జాగ్రత్త కావలసినవాళ్ళు ఇంటిపట్టున ఉంటారు."

పెద్దాయన గుడ్డ ముద్దని లక్కలో ముంచి, పిండి, బల్లమీది తలుపు వైపు ఒక కన్ను మూసి చూశాడు. "ఏమిటీ, ఈ రెక్క నెల్లాళ్ళు లంఖణాలు చేసినట్టుంది?" అన్నాడు. మేస్త్రి రెక్కని తీసి గోడకి ఆనించి, ఇంకో పలక ఎత్తుకున్నాడు.

తొమ్మిదవుతుండగా భార్య తిరిగొచ్చింది. ఆవిడ పెద్దాసుపత్రిలో దుప్పట్ల గది చూస్తుంది. ఉతికొచ్చిన దుప్పట్లు మడతపెట్టి, ఏ వార్డువి ఆ వార్డుకి పంపడం ఆవిడ పని. ఆ వారానికి మధ్యాహ్నం షిఫ్టుకి మార్పించుకుంది. వచ్చి నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, ఎవరికో ఒప్పజెబుతున్నట్టు చెప్పింది.

"వ్యాను ఏడుంపావుకే వచ్చేసింది. పద్దెనిమిది మంది ఎక్కారు. అందులో ఆడపిల్లలు నలుగురు. మన పిల్లే ముందు ఎక్కింది. అక్కడికి వెళ్ళగానే ఫోన్లు తీసేసుకుంటారట. ఆదివారం సాయంత్రం నాలుగు, ఐదు మధ్యలో వాళ్ళే ఒకసారి చేయిస్తారట. మూడు నిమిషాలు."

"మూడు నిమిషాల్లో ఏం మాట్లాడతారు?"

"మీకైతే రెండు నిమిషాలు మిగులుతాయి లెండి" అంది ఆవిడ. అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు వంటింటి గోడమీద ఒక కాగితం వెలిసింది. చేరేవాళ్ళకి ముందే ఇచ్చిన చిన్న పుస్తకంలోంచి భార్య తన చేత్తో ఎత్తి రాసుకున్న దినచర్య. ఐదింటికి లేవడం. ఐదుంపావుకి పరుగు. ఆరున్నరకి పక్కలు సర్దడం, తనిఖీ. ఏడింటికి ఫలహారం. ఇలా సాయంత్రం దాకా. ఆవిడ దాన్ని చూసే లేచింది, దాన్ని చూసే పక్కలు సర్దింది. మధ్యాహ్నం కంచాలు పెట్టి, వాటి మధ్యలో గడియారం తెచ్చి పెట్టింది.

"భోజనానికి పన్నెండు నిమిషాలేనట. కానివ్వండి."

"నేనెందుకు? నేనేం సైన్యంలో చేరలేదే."

"అది గబగబా తింటే పొలమారుతుంది. చిన్నప్పట్నించీ అంతే. పన్నెండు నిమిషాల్లో తినొచ్చో లేదో నాకు తెలియాలి."

ఆవిడతో వాదన పెట్టుకుని గెలిచినవాడు ఆ ఇంట్లో లేడు. ఇద్దరూ తల వంచుకుని పందెం వేసుకున్నట్టు తిన్నారు. తొమ్మిదో నిమిషంలో ఆవిడకి పొలమారింది. మేస్త్రి లేచి మంచినీళ్ళందిస్తూ, "ఎవరో తలుచుకుంటున్నారు" అన్నాడు, ఎవరికి పొలమారినా అందరూ అన్నట్టే. అన్నాక ఇద్దరూ గడియారం వైపు చూస్తూ ఉండిపోయారు.

"సరిపోతాయిలే" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. పొలమారితే కూడా కళ్ళు తడుస్తాయి. ఆయన అడగలేదు.

ఆ సాయంత్రమే వీధి చివరి బడి నుంచి పెద్దటీచరుగారు కొట్టుకి వచ్చింది. కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టుకుని, తయారవుతున్న తలుపుల్ని, కిటికీ చట్రాల్ని ఒక్కొక్కటే తడిమి చూసి అంది.

"పోయినేడు మా గ్రంథాలయానికి కార్డుల బీరువా చేసిచ్చారు, గుర్తుందా మేస్త్రీ? పద్దెనిమిది చిన్న సొరుగులు."

"గుర్తుందమ్మా."

"అలాంటిదే ఇంకొకటి కావాలి, సైన్సు గదికి. రాళ్ళూ గవ్వలూ గింజలూ పెట్టుకోవడానికి. పన్నెండు సొరుగులు చాలు. కానీ ఒక్కటే మాట, అవే సొరుగులు కావాలి. పిల్లలు రోజుకి వందసార్లు లాగుతారా, ఒక్కటంటే ఒక్కటి మొరాయించలేదు. వానలకి మా ఆఫీసుగది తలుపే పట్టేసింది గానీ అవి మాత్రం నీళ్ళమీద జారినట్టు జారుతున్నాయి. చెయ్యంటే మీదండీ."

మూల కూర్చుని కుర్చీకి లక్క రుద్దుతున్న పెద్దాయన దగ్గాడు. అది లక్క ఘాటుకి వచ్చిన దగ్గు కాదని మేస్త్రికి తెలుసు.

"ముప్పయ్యేళ్ళ అనుభవం మరి" అంది ఆవిడ.

"అవునమ్మా" అన్నాడు మేస్త్రి. "రేపొచ్చి కొలతలు తీసుకుంటాను. వచ్చే శనివారానికి ఇచ్చేస్తాను."

ఆవిడ వెళ్ళాక పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం అంటే గోడగడియారం ఆగిపోవడం లాంటిది. కొట్టంతా బోసిగా అనిపించింది.

బుధవారం మేస్త్రి బడికి వెళ్ళాడు. గ్రంథాలయం గదిలో అప్పుడు ఎవరూ లేరు. బీరువా ముందు స్టూలు వేసుకుని కూర్చుని, మధ్య వరుసలో ఒక సొరుగు లాగాడు. అది రావడానికి రెండు వేళ్ళు చాలాయి. లోపలికి నెట్టాడు. లోపలి గాలికి పోయే దారి లేక, దాని కింది సొరుగు వేలెడంత ముందుకొచ్చింది. దాన్ని నెట్టాడు. పక్కది కదిలింది. మేస్త్రి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సొరుగుకీ గూటికీ మధ్య వెంట్రుకంత సందు కూడా లేకపోతేనే అలా జరుగుతుంది. తనకి పని నేర్పిన గురువు చేతిలో ఒక్కసారి చూశాడు అలాంటి బిగింపు. తన చేతిలో ఎప్పుడూ చూడలేదు.

ఒక సొరుగుని పూర్తిగా బయటికి తీసి తిరగేశాడు. వెనక పలకా, అడుగు పలకా కూడా ముందు పలకంత నున్నగా ఉన్నాయి. మూలల్లో పళ్ళు, చేతివేళ్ళు ఒకదాంట్లో ఒకటి జొనిపినట్టు, జిగురు చుక్క బయటికి రాకుండా కూర్చున్నాయి. 'వెనకవైపు ఎవడు చూస్తాడు, పైన చూసుకోండి' అని పనివాళ్ళందరికీ చెబుతూ వచ్చినవాడు ఆయనే. బొటనవేలితో ఆ వెనక పలకని ఈ చివర్నించి ఆ చివరికి రాశాడు. ఇంకోసారి రాశాడు. తరవాత చెవిమీది పెన్సిలు తీసి, తెచ్చుకున్న చెక్కముక్క మీద పొడవు, వెడల్పు, మందం అన్నీ నూలుతో సహా రాసుకున్నాడు. సొరుగులో మాయా మంత్రం ఏమీ లేదు. కొలతలు కొలతలే.

గురువారం మధ్యాహ్నానికల్లా బీరువా చట్రం నిలబెట్టి, ఒక సొరుగు తయారుచేశాడు. గూట్లో పెట్టి నెట్టాడు. సగం దాకా వెళ్ళి, బడికి పోనని గుమ్మం పట్టుకున్న పిల్లాడిలా ఆగిపోయింది. బయటికి లాగి పక్కలకి చిత్రిక పట్టాడు. ఇంకొంచెం వెళ్ళింది, ఆగింది. మళ్ళీ పట్టాడు. ఈసారి చివరిదాకా వెళ్ళింది గానీ, పెద్దవాళ్ళ చెప్పుల్లో చిన్న కాలు పెట్టినట్టు అటూ ఇటూ ఊగింది. దాన్ని పక్కన పడేసి రెండోది మొదలుపెట్టాడు. శుక్రవారం పొద్దుటికి రెండోదీ అలాగే అయింది. మైనం రాశాడు, ఉప్పుకాగితం పట్టాడు, చట్రానికి మూలమట్టం ఆనించి నాలుగు మూలలూ నాలుగుసార్లు చూశాడు. మూలమట్టం ప్రకారం ఎక్కడా తప్పు లేదు.

"ఎవరు చేశారో వాళ్ళని అడిగితే ఒక్క మాటతో తేలిపోయేది" అన్నాడు పెద్దాయన, తల ఎత్తకుండా.

"నేను చేశాననే కదా అందరూ అనుకుంటున్నారు."

"అందరూ అనుకోలేదు మేస్త్రీ. నువ్వు చెప్పావు."

మేస్త్రి చేతిలోని సుత్తి బల్లమీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు.

లోపల కంచాలు, గడియారం సిద్ధంగా ఉన్నాయి. ఆ రోజు ఆయన పన్నెండు నిమిషాల సంగతి పట్టించుకోలేదు. మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు. భార్య తన భోజనం ముగించి, గడియారం చూసి, చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"సొరుగు రావట్లేదా?"

"నీకెవరు చెప్పారు?"

"రెండ్రోజుల్నించి సుత్తి చప్పుడు వింటున్నాను. మీరు తిట్టుకుంటూ కొడితే ఒకలా వినిపిస్తుంది." గడియారం పక్కకి జరిపింది. "ఆ బీరువా చేసినప్పుడు మీకు నడుం పట్టేసి మూడు వారాలు మంచం దిగలేదు. అది పొద్దున్న లేచి కొట్లోకి వెళ్తే మళ్ళీ చీకటిపడే వేళకే లోపలికొచ్చేది. మీకు నడుం సర్దుకున్నాక బీరువాని బడికి చేర్చారు. ఒక చివర పెద్దాయన పట్టుకున్నాడు, ఒక చివర మన పిల్ల. మీరు పక్కన నిలబడ్డారు. టీచరుగారు మెచ్చుకుంటే 'ముప్పయ్యేళ్ళ చెయ్యి అమ్మా ఇది' అన్నారట."

"ఏదో మాటవరసకి..."

"ఆ రోజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని నా పక్కన కూర్చుంది. ఏడవలేదు. అదెప్పుడు ఏడ్చింది గనక? తరవాతి వారం దరఖాస్తు తెచ్చుకుంది. ఎందుకే అనడిగాను. 'అక్కడ నువ్వు పరిగెత్తితే నువ్వు పరిగెత్తినట్టే రాస్తారటమ్మా' అంది."

మేస్త్రి కంచం పక్కకి జరిపాడు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"మీకు తెలియనిది అందులో ఏముంది?" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. దుప్పట్లు లెక్కపెట్టేటప్పటి గొంతు అది. "రెండో బల్ల వేసుకుంటానని ఎన్నిసార్లు అడిగింది? ఆడపిల్లకి కొట్లో ఏం పని, వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు అన్నారు. వచ్చేపోయేవాళ్ళకి సొరుగు జారితే చాలండీ."

ఆయన లేవబోయాడు. ఆవిడ ఇంకో మాట అంది.

"మొన్న పొద్దున మీరన్నదానికి నేను వ్యాను దాకా మండిపడుతూనే నడిచాను. అదే నాకు సర్దిచెప్పింది. 'తలుపు పాడవుతుందని నాన్న కంగారమ్మా' అని."

శనివారం మేస్త్రి సొరుగుల జోలికి పోలేదు. లంఖణాలు చేసిన తలుపు రెక్కకి సన్నటి పట్టీ అతికించి, అతుకు తెలియకుండా సాపు చేస్తూ రోజంతా గడిపాడు. మధ్యమధ్య ఆయన పెదాలు కదలడం పెద్దాయన చూశాడు. లోలోపల ఏదో మాట వల్లెవేసుకుంటున్నట్టుంది. కదిలించకుండా ఊరుకున్నాడు.

ఆదివారం మూడున్నరకే ఫోను తెచ్చి పనిబల్ల మీద, పేళ్ళన్నీ ఊడ్చేసిన చోట పెట్టుకున్నారు. ఇంట్లో కంటే కొట్లోనే సిగ్నలు బాగుంటుంది. భార్య చేతిలో కాగితం. దానిమీద వరసగా తొమ్మిది ప్రశ్నలు. సెలవురోజైనా పాలిష్ పెద్దాయన వచ్చాడు. "నా గుడ్డ ఇక్కడే మర్చిపోయాను" అన్నాడు. గుడ్డ ఆయన భుజంమీదే ఉంది. ఎవరూ ఎత్తిచూపలేదు. నాలుగయింది. నాలుగుంపావు. ఒకసారి మోగితే ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ఎవరో తలుపు గడియ గురించి. మేస్త్రి ఎన్నడూ లేనంత కటువుగా "రేపు" అని పెట్టేశాడు. నాలుగూ ముప్పయ్యేడుకి మళ్ళీ మోగింది. భార్య స్పీకరు నొక్కింది.

"అమ్మా" అంది అటునుంచి. గొంతు బొంగురుపోయి ఉంది, ఎవరో పరాయి పిల్లలా.

"గొంతేమిటే అలా ఉంది?"

"అరవాలమ్మా ఇక్కడ. అందరిదీ ఇలాగే ఉంది. బానే ఉన్నాను."

"తింటున్నావా? పన్నెండు నిమిషాలు చాలుతున్నాయా?"

"నాకు ఎనిమిదే చాలు."

"పొలమారట్లేదు కదా?"

"ఒక్కసారే మారింది. మంగళవారం."

భార్య మేస్త్రి వైపు చూసింది. కాగితంమీద వేలు కిందికి జరిపింది. "కాళ్ళు?"

"బొబ్బలెక్కాయి. అందరికీ ఎక్కాయి. అమ్మా, ఒకటి చెప్పాలి. నా పక్క సర్దడం చూసి అందర్నీ పిలిచి చూపించారు. దుప్పటి మూలలు ఇలా మడవాలి అని. ఎవరు నేర్పారు అని అడిగారు. మా అమ్మ అని చెప్పాను. గట్టిగా, అందరికీ వినపడేలా."

భార్య ఐదో ప్రశ్న మీద వేలు పెట్టింది. అడగకుండానే ఫోను తీసి మేస్త్రి చేతిలో పెట్టేసింది.

"నాన్నా?"

శుక్రవారం నుంచి ఆయన ఒక మాట సిద్ధం చేసుకుంటున్నాడు. చిన్న మాటే. ఎటునుంచి మొదలుపెట్టాలో మాత్రమే తెలియలేదు. ఇప్పుడు నాలుక దాకా వచ్చి అది అడ్డం తిరిగింది. దాని బదులు ఇంకోటి బయటపడింది.

"ఆ సొరుగులు ఎలా చేశావు?"

అటువైపు దూరంగా ఎవరో విజిలు వేశారు.

"ఏ సొరుగులు?"

"బడివాళ్ళవి. ఇంకో బీరువా కావాలంటున్నారు, రాళ్ళూ గవ్వలూ పెట్టుకోవడానికి. రెండు చేశాను. కొలతలన్నీ నీవే పెట్టాను. లోపలికి పోవట్లేదు. పోయేలా చేస్తే ఊగుతున్నాయి."

"నన్ను అడుగుతున్నారా నాన్నా?"

"ఇంకెవర్ని అడగాలి? చేసింది నువ్వు కదా."

భార్య తలెత్తింది. పెద్దాయన భుజంమీది గుడ్డ తీసి, ఏం చేయాలో తెలియక, మళ్ళీ భుజంమీదే వేసుకున్నాడు. ఫోనులోంచి ఊపిరి చప్పుడు వినిపించింది. ఆ తరవాత వచ్చిన గొంతులో బొంగురు అలాగే ఉంది గానీ, పరాయితనం పోయింది.

"సొరుగుని చెక్కకండి నాన్నా. సొరుగు సరిగ్గానే ఉండుంటుంది. తప్పు గూటిది. గూడు ముందూ వెనకా ఒకే వెడల్పు పెట్టారు కదా?"

"మూలమట్టానికి పెట్టాను. పెట్టొద్దా మరి?"

"వద్దు. వెనకవైపు, ముందుకంటే ఒక్క కాగితం మందం వెడల్పు ఎక్కువుండాలి. అట్ట కాదు, మామూలు రాసుకునే కాగితం. లోపలికి వెళ్ళేకొద్దీ దానికి చోటు దొరకాలి నాన్నా. ముందు ఎంత బిగుతుగా ఉన్నా ఫరవాలేదు, వెనక చోటుందంటే అదే వెళ్తుంది."

"మూలమట్టం తప్పమంటావు."

"కాగితమంతే."

"నీకిది ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పదకొండు పాడుచేశాను. మీకు కనపడకుండా పొయ్యిలో పెట్టేశాను."

"పదకొండా!" అన్నాడు మేస్త్రి. ఆయన నవ్వాడని ఆయనకే ఆలస్యంగా తెలిసింది.

"ఇంకోటి నాన్నా. రాళ్ళూ అవీ పెడతారంటే బరువుంటుంది, అడుగు పలక వేసేటప్పుడు మాత్రం..."

అక్కడితో తెగిపోయింది.

మేస్త్రి ఫోనుని చెవి దగ్గర్నించి తీసి చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"తొమ్మిదింట్లో నాలుగే అడిగాను!" అంది భార్య. "నాలుగు! నిద్ర పడుతోందా, చలిగా ఉందా, ఒక్కటి అడగనిచ్చారా? మిగతా టైమంతా సొరుగు, గూడు, కాగితం! ఎవరైనా ఆడపిల్లతో వారానికొకసారి మాట్లాడే మాటలా ఇవి?" అంటూనే కాగితం అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు ఎవరికీ తెలియలేదు. తరవాత కాగితం తీసేసి, ముక్కు ఎగబీల్చి అంది. "చివర్లో విన్నారా దాని గొంతు? అది మనింట్లో గొంతు."

"అయితే అడుగు పలక సంగతేమిటి?" అన్నాడు పెద్దాయన.

"వచ్చే ఆదివారం" అన్నాడు మేస్త్రి.

అప్పుడే చట్రం ముందు కూర్చున్నాడు. ఒక గూటి పక్క పలకని విప్పి, వెనకవైపు ఒక కాగితం ముక్క పెట్టి, మళ్ళీ బిగించాడు. మూడో సొరుగు కొత్తగా చేసి, ఆ గూట్లో పెట్టి, రెండు వేళ్ళతో నెట్టేసరికి పొద్దు వాలుతోంది. సొరుగు చివరిదాకా వెళ్ళి, మెత్తగా ఆగింది. పక్కల్ని గోటితో తట్టి చూశాడు. ఊగలేదు. అందులో రెండు గుప్పిళ్ళ మేకులు పోసి చూశాడు. ఈసారి అడుగు పలక కొద్దిగా కుంగి, కింద రాసుకుంది. రాళ్ళు పోస్తే ఇంకా కుంగుతుంది. దానికి ఆయనకి తెలిసిన ఉపాయాలు రెండు మూడున్నాయి. వాటిల్లో ఏది చేసినా పని గడిచిపోతుంది. పెద్దాయన కూడా ఆ మాటే అన్నాడు, "కింద ఒక పట్టీ కొట్టెయ్, సరిపోతుంది" అని.

"వద్దు" అన్నాడు మేస్త్రి. మేకులు తీసి డబ్బాలో పోసేశాడు.

సోమవారం పొద్దున్నే బడికి వెళ్ళాడు. పెద్దటీచరుగారు వరండాలో నిలబడి ఎవరిదో సెలవు చీటీ చదువుతోంది.

"శనివారానికి ఇస్తానన్నానమ్మా. ఇంకో వారం పైనే పడుతుంది."

"ఏం, కలప దొరకలేదా?"

"కలప ఉంది. పని తెలిసిన మనిషి ఆదివారం గానీ దొరకదు. అదీ మూడు నిమిషాలు. అందులో సగం వాళ్ళమ్మకి పోతుంది."

ఆవిడ కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుంది. "మీకు తెలియని పనేమిటి మేస్త్రీ?"

"తెలియదమ్మా" అన్నాడు. మెడ వెనక రుద్దుకున్నాడు. "ఆ బీరువా చేసింది నేను కాదు. మా అమ్మాయి. ఆ రోజు మీ ముందర ఒక చివర పట్టుకుని దించింది చూడండి, ఆ పిల్ల. నా చెయ్యి అని చెప్పాను. మొన్న మీరు మళ్ళీ అడిగితే మళ్ళీ అవునన్నాను. రెండుసార్లూ అబద్ధమే."

ఆవిడ చీటీని మడిచి చేతిలో పట్టుకుంది. వరండా అంతా తరగతుల్లోంచి పాఠాలు అప్పజెబుతున్న గోల.

"ఆ అమ్మాయి మెచ్చుకోలు కోసం నా మొహంలోకి చూసినట్టు గుర్తు" అంది చివరికి. "నేను మీతో మాట్లాడుతూ ఉండిపోయాను. ఇప్పుడెక్కడుంది?"

"సైన్యంలో చేరింది. శిక్షణలో ఉంది."

"అయితే తిరిగొచ్చి మీ కొట్లో పని చేస్తుందా?"

మేస్త్రి ఆ ప్రశ్నని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. వారం కిందట అయితే వెంటనే జవాబుండేది.

"ఏమోనమ్మా. అప్పట్లో రమ్మంటే వచ్చేదే, నేనే అనలేదు. ఇప్పుడు దానికి అక్కడ బానే ఉన్నట్టుంది. దాని పక్క చూసి అందర్నీ పిలిచి చూపించారట. దుప్పటి మూలలు అలా మడవాలని."

"అవునా!"

"వాళ్ళమ్మ నేర్పింది లెండి. ఆసుపత్రి మడత అది. అక్కడ భోజనానికి పన్నెండు నిమిషాలిస్తే ఎనిమిది నిమిషాల్లో లేచిపోతోందట. వ్యాను ఎక్కడంలో కూడా అదే ముందు. గొంతు మాత్రం బొంగురుపోయింది, అరవాలి కదా. పదకొండు సొరుగులు పాడుచేసిందమ్మా నాకు తెలియకుండా! పదకొండు! పన్నెండోది పట్టుకుంది కిటుకు. నాకు పని నేర్పిన గురువుకి తెలుసేమో ఆ కిటుకు, నాకైతే చెప్పలేదు. ఎవరూ చెప్పకుండా అదే కనుక్కుంది. ఆరేళ్ళప్పుడు ఉలి కోసం బల్ల పక్కన ఎలా నిలబడిందనుకున్నారు..."

పిరియడు మారిందని గంట కొట్టారు. పెద్దటీచరుగారు తరగతి వైపు ఒక అడుగు వేసింది. మర్యాద కాదని ఆగింది. మేస్త్రి ఇంకా చెబుతూనే ఉన్నాడు.